తరువాయి ఏడో పేజీలో

జూలై. మోంటెవీడియోలో చలికాలం.
సముద్రంలా నటించే నది మీంచి దక్షిణపు గాలి
నాలుగో అంతస్తులో ల్యాబు కిటికీ రెక్కల్ని
ఊరికే ఉండనివ్వదు.

పందొమ్మిదేళ్ల పిల్లల మధ్య నాకు నలభై ఎనిమిది.
జాబితాలో నెలీదా పేరు పక్కన పుట్టిన సంవత్సరం చూసి
అచ్చుతప్పు అనుకున్నాడు గుమాస్తా.
అచ్చుతప్పుల సంగతి నాకు చెప్పాలా!
ఇరవై రెండేళ్లు ఒక సాయంకాల పత్రికకి ప్రూఫులు దిద్దాను.
పత్రిక మూతబడ్డాక చేతిలో మిగిలింది
ఎర్ర పెన్సిలు.

హైపర్‌టెక్స్ట్ చెప్పే ఇరినేయో
ఒక చేత్తో మాతే బుర్ర, ఇంకో చేత్తో సుద్దముక్క పట్టుకుని
మొదటిరోజే తేల్చేశాడు:
"తెరిచినదాన్ని మూయండి. మిగతావన్నీ వివరాలు."

మొదటివారమే నేను మూయలేదు.
శీర్షిక కోసం తెరిచిన లావక్షరాల ట్యాగు
పేరాల్లోకి దిగి, చిరునామాలోకి పాకి
పేజీ అడుగున తేదీ దాకా ఉబ్బిపోయింది.
వెనక వరసలో యామందూ పకపకా నవ్వాడు.
నాకూ నవ్వొచ్చింది.

తెర మీద తప్పు నా కంటికి ఆనదు.
అందుకే కోడంతా కాగితం మీదకి తెచ్చుకుని
ఆఖరి పంక్తి నుంచి పైకి చదువుతాను.
పైనుంచి చదివితే అర్థం అడ్డొచ్చి
తప్పుని కొంగు చాటున దాచేస్తుంది.
తప్పిపోయిన ఒక్క ఏటవాలు గీతకి
ఎర్రసున్నా చుడితే, మర్నాటి నుంచి
యామందూ తన కాగితాలు కూడా బల్ల కిందనుంచి
నెమ్మదిగా నా వైపు తోసేవాడు.

లంకెల పాఠం రోజు
ఇరినేయో గొంతు కాస్త పెద్దదైంది:
"మాట మీద వేలు పెడితే మరోచోట తేలడం!
మీకు ముందు తరం ఎరగదు ఇది."
ముందు తరం మూడో వరసలో కూర్చుని
ఏమీ అనలేదు.

*తరువాయి ఏడో పేజీలో.*
రోజుకి ఎన్నిసార్లు దిద్దానో ఆ మాట.

ఓ రాత్రి చేపల పడవ మునిగింది.
బతికి బయటపడ్డవాళ్ల పేర్లు పదకొండు.
నాలుగు మొదటి పేజీలో పట్టాయి,
తరువాయి ఏడో పేజీలో.
ఆఖరి నిమిషంలో ఏడో పేజీ మారింది.
పరుపుల దుకాణం, సగం ధర.
ప్రూఫు మీద పొట్టి సంతకం నాదే.

పొద్దున్నే ఫోను. ఎవరో ఆడమనిషి.
"ఏడో పేజీ చూశానండీ. పరుపులున్నాయి."
చెత్తబుట్ట తిరగేసి గాలీ కాగితం వెతికి
మిగిలిన ఏడు పేర్లూ చదివాను.
ఒక్కో పేరుకీ ఆగాను.
ఆవిడ ఆగలేదు, "ఊఁ" అంటూనే ఉంది,
కథ వింటున్నట్టు.
ఏడోదయ్యాక
"అంతేనా?" అంది.
అంతే, అన్నాను.

ఆఖరి పరీక్ష: తెగిన లంకెల్ని వెతికి
తీసేసే ప్రోగ్రాము రాయండి.
యామందూది పన్నెండు పంక్తులు, ముచ్చటగా ఉంది.
నాది ముప్పై ఒకటి.
తీసేసే ముందు ప్రతి లంకె దగ్గరా
ఆ వాక్యం ఏమిటో, ఎక్కడికి పంపాలనుకుందో
నాది రాసిపెట్టుకుంటుంది.

"అడగని పని," అన్నాడు ఇరినేయో.
కాగితం మీద ఆ పంతొమ్మిది పంక్తులూ కొట్టేసి
అర మార్కు కోశాడు.
వాదించలేదు. అతను చెప్పింది నిజమే, అడగలేదు.

బస్సులో, ఊగే దీపం కింద
ఎర్ర పెన్సిలు తీసి
కొట్టేసిన పంక్తుల కింద చుక్కలు పెట్టుకుంటూ పోయాను.
మా వృత్తిలో ఆ చుక్కలకి అర్థం:
*ఉండనీ.*